మా తాత రాయిని కొట్టి వినేవాడు

ఇవాళ కోటప్పకొండ కింద కూర్చుని మాట్లాడుతున్నా. నా వెనకాల కనిపించేవే బ్రహ్మ, విష్ణు, రుద్ర శిఖరాలు. శివరాత్రికి ప్రభలు చూడ్డానికి మీలో చాలామంది వచ్చే ఉంటారు. ఈరోజు మాత్రం దేవుడి గురించి కాదు, రాయి గురించి చెప్తా.

మాది వడ్డెర కుటుంబం. మా తాత ఈ చుట్టుపక్కల ఊళ్లలో బావులు తవ్వేవాడు. సమ్మెటతో రాయిని కొట్టి, ఆగి వినేవాడు. "ఖంగుమంటే గట్టి రాయిరా అబ్బాయ్. డొల్లగా మోగితే లోపల పగులుంటది" అనేవాడు. ఆయన బడి మెట్టు ఎక్కలేదు. నేను డిగ్రీలో జియాలజీ చదివేటప్పుడు సార్ ఒకరోజు చెప్పారు: గట్టి రాతి నేలల్లో నీళ్లుండేది పైన మెత్తబడ్డ పొరలో, కింద పగుళ్లలో అని. ఇది మా అరుగు మీద విన్న పాఠమే కదా అనుకున్నా.

తాత పోయాక నాన్న మా రెండెకరాల్లో బోరు వేయించాడు. ఒకాయన అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచి చోటు చూపించాడు. రెండు బోర్లూ ఎండిపోయాయి. గేదెలు అమ్మి అప్పు తీర్చాం. బతికుండగా తాత వేరే చోటు చూపించాడు. అది కరెక్టో కాదో ఇప్పటికీ తెలీదు. ఎందుకక్కడ అని ఎవరం అడగలేదు, రాసుకోలేదు. నా బాధ అదే.

అలాగని పాతదంతా నమ్మేయమనట్లేదు. పరీక్షించమంటున్నా. 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో చెట్లు, పుట్టలను బట్టి నీటి జాడ ఎలా పట్టాలో రాశాడు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జియాలజీ ప్రొఫెసర్ ఇ.ఎ.వి. ప్రసాద్ గారు దాన్ని కొట్టిపారేయలేదు, సైన్స్ కళ్లతో చదివారు.

ఇంకోటి. 2000ల్లో ఏపీఎఫ్ఏఎంజీఎస్ అని ఒక ప్రాజెక్టు నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సాయం చేసింది. మన పక్కనున్న ప్రకాశంతో కలిపి 7 కరువు జిల్లాలు, 638 ఆవాసాలు. వాన ఎంత పడింది, బావిలో నీళ్లు ఎంత లోతున ఉన్నాయి అని కొలిచింది ఆఫీసర్లు కాదు, రైతులే. ఆడవాళ్లు కూడా. రబీకి ముందు నీళ్ల లెక్క వేసుకుని, ఏ పంట వేయాలో ఎవరికి వాళ్లే తేల్చుకున్నారు. బలవంతం లేదు.

అంటే నేల తెలిసినవాళ్ల చేతికి కొలత ఇస్తే చాలు, వాళ్లే సైంటిస్టులు. మాచర్ల అవతల నల్లమలలో చెంచులకి ఏ వాగు ఎండాకాలం కూడా ఆరదో తెలుసు. కానీ సర్వే టీమ్ వస్తే వాళ్లు దారి చూపే కూలీలు, మేం పలుగూ పారా పట్టే కూలీలం. రిపోర్టులో వాళ్ల పేరూ రావాలి. వాళ్ల పిల్లలు జియాలజీ క్లాసులో కూర్చోవాలి. నా క్లాసులో వడ్డెర పిల్లాణ్ని నేనొక్కణ్నే.

మీ చేతిలో ఫోనుంది. ఈ వారం మీ ఊళ్లో బావులు తవ్విన పెద్దాయన దగ్గర కూర్చోండి. "ఇక్కడే ఎందుకు తవ్వావు తాతా?" అని అడిగి రికార్డు చేయండి. తాడుకి రాయి కట్టి, వానలకి ముందోసారి, తర్వాతోసారి ఆ బావిలో నీటి లోతు కొలిచి రాసిపెట్టండి.

మా తాతని నేను అడగలేకపోయా. మీరు అడగండి. ఉంటా మరి.