మొలకల లెక్క



ఈ జొన్న విత్తనాలు నూటికి 90 మొలుస్తాయని అమ్మినవారు మీతో చెప్పారనుకోండి. మీరు 10 గింజలు తడిగుడ్డలో కట్టి చూస్తే 7 మొలిచాయి. ఇక ఆ మాట నమ్మవచ్చా? పొలమంతా చల్లవలసినవి ఆ గింజలే కదా!

మొలక నిజంగా 90 శాతమైతే, పదింట సరిగ్గా 7 మొలిచే అవకాశం 0.057. అదే 70 శాతమైతే 0.267. ఒక ఊహ నిజమైతే మనం చూసిన ఫలితం రావడానికి ఎంత అవకాశముందో చెప్పే ఈ అంకెను గణాంక శాస్త్రంలో లైక్లిహుడ్ అంటారు. ఇంగ్లండులో ఆర్.ఎ. ఫిషర్ 1922లో దీనికి గట్టి పునాది వేశారు. ఆయన దగ్గర కేంబ్రిడ్జిలో పరిశోధన చేసిన సి.ఆర్. రావుగారు మన సరిహద్దు తెలుగువారే. 1920లో నాటి బళ్ళారి జిల్లా హడగలిలో పుట్టారు.

0.057 అంటే అమ్మినవారి మాట నిజమయ్యే అవకాశం నూటికి 6 పాళ్ళేనని అర్థం కాదు. ఆ అంకె ఒంటరిగా ఏమీ తేల్చదు. పక్కన మరో ఊహను నిలిపి పోల్చాలి. ఇక్కడ 70 శాతం ఊహ 4.6 రెట్లు మెరుగు. అనుమానించడానికి ఇది చాలు. అబద్ధమని తీర్పు చెప్పడానికి చాలదు.

ఈసారి 100 గింజలు కట్టండి. 70 మొలిచాయనుకుందాం. 70 శాతం ఊహ విలువ 0.087కు దిగుతుంది. అంతమాత్రాన ఊహ చెడినట్టు కాదు. గింజలు పెరిగితే రాగల ఫలితాలూ పెరుగుతాయి. ఒక్కొక్కదాని వాటా తగ్గుతుంది. కానీ ఇప్పుడది 90 శాతం ఊహకంటే సుమారు 47 లక్షల రెట్లు మెరుగు! కాబట్టి ఒకే పరీక్ష ఫలితం మీదనే ఊహలను పోల్చాలి. 10 గింజల అంకెను 100 గింజల అంకెతో పోల్చరాదు.

మరొక జాగ్రత్త. మొలిచిన ప్రతి గింజకూ 100 శాతం, మొలవనిదానికి సున్నా అని విడివిడిగా ఊహిస్తే విలువ ఏకంగా 1 అవుతుంది. కానీ రేపు చల్లబోయే గింజ గురించి అది ఒక్క ముక్కయినా చెప్పదు. అందుకే జపాను శాస్త్రవేత్త అకాయికె 1970లలో, ఊహలో చేర్చిన ప్రతి అదనపు అంకెకూ కొంత కోత వేసే పద్ధతి చూపారు.

విత్తే ముందు నూరు గింజలు కట్టి చూడండి. అంకెను అంకెతో పోల్చి, ఆపైన నిర్ణయించుకోండి.