అభ్యంతరం రాసిపెట్టండి



1939 ఆగస్టు 23న మాస్కోలో జర్మనీ, సోవియట్ విదేశాంగ మంత్రులు రిబ్బెన్‌ట్రాప్, మొలొటోవ్ ఒకరిమీద ఒకరు దాడి చేసుకోబోమని సంతకాలు చేశారు. లోకానికి చూపించింది అంతే. దానికి జతగా ఇంకో రహస్య పత్రం ఉంది. ఎస్టోనియా, లాత్వియా సోవియట్‌కు, లిథువేనియా జర్మనీకి అని అందులో పంచుకున్నారు. నెల దాటాక లిథువేనియా కూడా సోవియట్ వాటాలోకి మారింది, ఒక్క సరిహద్దు ముక్క తప్ప. 1940 వేసవిలో ఎర్రసైన్యం మూడు దేశాల్లోనూ దిగింది, ఆగస్టుకల్లా విలీనం ముగిసింది. మిగిలిన ఆ ముక్కను జర్మనీ నుంచి కొనడానికి 1941 జనవరిలో సోవియట్ యూనియన్ 75 లక్షల బంగారు డాలర్లు ఖరీదు కట్టింది. ఆ నేల అమ్మినవాడిదీ కాదు, కొన్నవాడిదీ కాదు. అక్కడి రైతును అడిగిన నాథుడు లేడు.

1940 జూలై 23న అమెరికా విదేశాంగ శాఖ ఉన్నతాధికారి సమ్నర్ వెల్స్ ఈ ఆక్రమణను ఖండిస్తూ ఒక ప్రకటన చేశారు. దాంతో ఒక్క ట్యాంకూ ఆగలేదు. పైగా 1943లో టెహరాన్‌లో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్టే, ఈ దేశాల కోసం మీతో యుద్ధానికి దిగబోనని స్టాలిన్‌కు చెప్పారు. అది నాకు ఇప్పటికీ మింగుడుపడని మాట. అయినా విలీనాన్ని గుర్తించబోమన్న వైఖరిని అమెరికా వదులుకోలేదు. అందువల్లే అక్కడ ఆ మూడు దేశాల దౌత్య కార్యాలయాలు మూతపడలేదు. న్యూయార్క్‌లో ఎర్న్‌స్ట్ యాక్సన్ అనే దౌత్యాధికారి, పటంలో లేని ఎస్టోనియా పేరిట పాస్‌పోర్టులు ఇస్తూ దశాబ్దాలు గడిపారు. 1991లో దేశం తిరిగి స్వతంత్రమైనప్పుడు ఆయనకు 86 ఏళ్లు. ఆ వయసులో అమెరికాకు రాయబారి అయ్యారు. ఆ ఏడాది సెప్టెంబరులో మన దేశమూ ఆ మూడింటినీ గుర్తించింది. అప్పటి ప్రధాని మన పి.వి. నరసింహారావు గారు.

చిన్న దేశాలు సర్దుకుపోక తప్పదని చెప్పే పెద్దలు మీకు చాలామంది తగులుతారు. నేను ఒప్పుకోను. ఆ ప్రజలు సర్దుకుపోలేదు. 1989లో, ఆ మాస్కో సంతకాలకు సరిగ్గా యాభై ఏళ్లు నిండిన రోజున, టాలిన్ నుంచి రీగా మీదుగా విల్నియస్ దాకా 600 కిలోమీటర్లకు పైగా చేయీ చేయీ కలిపి నిలబడ్డారు. రహస్య పత్రం ఉన్న మాట నిజమేనని సోవియట్ యూనియన్ ఆ డిసెంబరులోనే ఒప్పుకుంది.

ఇవాళ పట్టాలు అందుకుంటున్న మీలో కొందరు ప్రభుత్వంలోకి, కొందరు కోర్టులకు, కొందరు కంపెనీలకు వెళ్తారు. ఎవరి నేల గురించి రాస్తున్నారో వాళ్లు ఆ గదిలో లేకపోతే, సంతకం చేయకండి. ఆపే అధికారం మీకు లేకపోతే, కనీసం మీ అభ్యంతరాన్ని ఫైల్లో రాసిపెట్టండి, తేదీతో సహా.