చేతులు మరువని విద్య



చిత్రలేఖనం తరగతి పొద్దుపుచ్చుకోవడానికే అనుకొనేవారు నేటికీ ఉన్నారు. శాంతినికేతనంలోని కళాభవన్ చరిత్ర ఎరిగినవారు ఆ మాట అనలేరు.

1919లో అక్కడ చేరిన తొలి విద్యార్థులలో బినోద్ బిహారీ ముఖర్జీ ఒకరు. పుట్టుకతో ఒక కన్ను కనిపించదు. రెండవ కంటికి చూపు తక్కువ. అయినా 1946-47లో హిందీ భవన్ గోడలపై మధ్యయుగ భక్తకవుల జీవితాలను, ముందుగా నమూనా గీసుకొనకుండా, తడి సున్నంపై నేరుగా చిత్రించారు. కబీరు, తులసీదాసు, సూరదాసు అక్కడ ఒకే జనప్రవాహంలో కలసి కనిపిస్తారు. సూరదాసు అంధుడని లోకప్రతీతి; ఆ బొమ్మ వేస్తున్నప్పుడు చిత్రకారుని మనసులో ఏమి మెదిలిందో!

తరువాత నేపాల్‌లో మ్యూజియం బాధ్యత వహించారు. 1957లో శస్త్రచికిత్స విఫలమై చూపు పూర్తిగా పోయింది. కుంచె ఇక పనికిరాదు. మరుసటి ఏడు ఆయన తాను చదువుకొన్న కళాభవన్‌కే బోధకునిగా తిరిగివచ్చారు. కన్ను మరచినా చేతులు విద్యను మరువలేదు. కాగితపు మడత వేళ్లకు తెలుస్తుంది; కత్తెర సాగిన అంచు తెలుస్తుంది. రంగుకాగితాలు కత్తిరించి అతికించి కొత్త చిత్రాలు కూర్చారు. 1972లో కళాభవన్ గోడకు పింగాణీ పలకలతో పెద్ద చిత్రమే అమర్చారు. ఒకనాటి శిష్యుడు సత్యజిత్ రాయ్ ఆ ఏటనే ఆయనపై తీసిన ‘ది ఇన్నర్ ఐ’ చిత్రంలో, పనిలో మునిగిన ఆ చేతులను ఇప్పటికీ చూడవచ్చు.