చిన్న ముక్క – పెద్ద రక్ష
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగనాడు రోగాల మాట ఎందుకని కొందరు అనుకోవచ్చును. వేపపూవు లేనిదే ఉగాది పచ్చడి కాదు గదా! ఆ ధైర్యముతోనే ఈ నాలుగు మాటలు మనవి చేస్తున్నాము.

1953లో తుంగభద్ర ఆనకట్ట పూర్తి అయిన తరువాత కోస్తా జిల్లాలనుండి మనవారు సిరుగుప్ప ప్రాంతపు క్యాంపులకు వచ్చి రేగడి నేలలను మాగాణి చేశారు. పొలముమీద చూపిన శ్రద్ధ ఇంటి ఆడవారి ఒంటిమీద చూపుతున్నామా? ముట్లుడిగిన తరువాత రక్తము కనబడినా సిగ్గుచేత దాచుకొనుట, చివరకు "గర్భసంచి తీయించి వేయండి" అనుట మనలో వాడుక అయినది. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము 15–49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకొన్నవారు దేశములో నూటికి సుమారు 3 మంది. ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 మంది.

నారుమడిలో ఒక మూల తెగులు కనబడితే ఆ మూల మొక్కలు పీకి చూస్తాము గాని మడినంతా దున్నివేయము. వైద్యములోను అట్టి పద్ధతి కలదు.

గర్భసంచి ముఖద్వారమునకు వచ్చే కాన్సరు చాలావరకు హెచ్.పి.వి. అనే వైరస్ వలన కలుగుతుంది. అది కాన్సరుగా ముదరడానికి సాధారణముగా 15–20 ఏళ్ళు పడుతుంది. ఈ లోపల పలుచని ఎసిటిక్ ఆమ్లము పూసి చూస్తే చెడిన భాగము తెల్లబడి కనబడుతుంది. 30 ఏళ్ళు దాటిన స్త్రీలు బాధ ఏమీ లేకపోయినా అయిదేళ్ళకొకసారి ఈ పరీక్ష చేయించుకోవలెను.

అనుమానము బలపడితే డాక్టరు ఆ భాగమును బొంగరము ఆకారములో కోసి తీస్తారు. లేదా కరెంటు తీగ చుట్టతో తీస్తారు. ఆ ముక్కను పారవేయరు. ఏ వైపు ఏదో తెలియడానికి దారము కుట్టి, ఫార్మలిన్‌లో వేసి లాబొరేటరీకి పంపుతారు. అక్కడ అంచులకు సిరా పూసి, మైనములో బిగించి, అతి పలుచని పొరలుగా కోసి, రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. వ్యాధి ఎంత ముదిరినది, అంచులవరకు పాకినదా అన్న రెండు ప్రశ్నలకు జవాబు దానిలోనే ఉన్నది. అంచులు శుభ్రముగా ఉంటే చాలామందికి గర్భసంచి నిలుస్తుంది. బిడ్డలను కనే ఆశా నిలుస్తుంది. అయితే నెలలు నిండకముందే కాన్పు అయ్యే అవకాశము కొంత పెరుగుతుంది గనుక గర్భిణి అయినప్పుడు ఈ సంగతి డాక్టరుకు చెప్పి తీరవలెను.

కొన్ని వారాలు బరువులెత్తరాదు, దాంపత్యము కూడదు. రక్తస్రావము ఎక్కువైనా, జ్వరము వచ్చినా వెంటనే ఆసుపత్రికి పోవలెను.

బళ్ళారిలో 1961లో నెలకొన్న ప్రభుత్వ వైద్య కళాశాల ఉన్నది. బెంగళూరులో కిద్వాయి సంస్థ ఉన్నది. అక్కడి కాగితాలు కన్నడములోనో ఇంగ్లీషులోనో ఉంటాయి. అర్థము కానిచోట అడగండి. అడుగుట తప్పు కాదు. రిపోర్టు తెచ్చుకోకుండా ఊరుకొనవద్దు. పహణీ కాగితాలతోపాటు దానినీ పెట్టెలో భద్రపరచండి. తరువాతి పరీక్షలకు అదే ఆధారము.

అత్తగారలారా, కోడలిని మీరే వెంటబెట్టుకొని వెళ్ళండి. మీరూ పరీక్ష చేయించుకోండి. ఈ కొత్త సంవత్సరము మన ఇళ్ళలో ఆడవారు ఆరోగ్యముతో వర్ధిల్లుదురుగాక!