షాక్ అబ్జార్బర్లకు రిటైర్మెంటు తేదీ ఉండదు

(మన సంఘం సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



ఏ విషయం మీద మాట్లాడతారని కార్యదర్శిగారు నన్ను అడిగారు. పాత పికప్ బండికి షాక్ అబ్జార్బర్లు ఎప్పుడు మార్చాలనే విషయం మీద అన్నాను. ఆయన నా వంక అదోలా చూశారు. పెన్షన్ రివిజన్ గురించో, హెల్తు కార్డుల గురించో చెబుతాననుకుని ఉంటారు. కానీ మనలో చాలామంది ఇళ్ళలో కొడుకో, అల్లుడో, మనవడో ఒక సెకండ్ హ్యాండ్ బండి మీద బతుకుతున్నాడు. ఆ బండి కొనడానికి మన గ్రాట్యుటీలోనో, కమ్యూటేషన్‌లోనో కొంత పోయే ఉంటుంది. అందుచేత ఇది కూడా పెన్షనర్ల సమస్యేనని నా మనవి.

నేను ముప్పై నాలుగేళ్ళు గుమాస్తాగిరీ చేసి 2009లో రిటైరయ్యాను. పానా పట్టి ఎరుగను. ఆఫీసు జీపు లాగ్ బుక్కు మాత్రం పదకొండేళ్ళు నా చేతుల్లో ఉండేది. డ్రైవరు ఏదైనా మరమ్మతు కావాలంటే "గత మరమ్మతు తేదీ తెలుపుము" అని ఒక కొర్రీ వేసేవాణ్ణి. వాడు తేదీ తెచ్చేలోపు నెల గడిచిపోయేది. డబ్బు మిగిల్చాననుకునేవాణ్ణి. ఆ అలవాటే రిటైరయ్యాక ఇంటికి వెంట వచ్చింది.

మాది మదనపల్లె. మా చిన్నవాడికి చదువు అబ్బలేదు. 2014లో ఒక పాత పికప్ కొనిచ్చాను. మార్కెట్ యార్డు నుంచి టమోటా క్రేట్లు వేసుకుని వాయల్పాడు, కలికిరి, పీలేరు మీదుగా భాకరాపేట ఘాటు దిగి తిరుపతికి తోలుతాడు. 2023 వేసవి చివర్లో ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు. "నాయనా, బండి వెనక ఎగరతా ఉండాది. షాకబ్జర్లు మార్చాలంట. నాలుగూ మారిస్తే కూలితో కలిపి ఎనిమిది వేలు అవుతాది."

"బండి నడస్తా ఉంది గదరా?" అన్నాను.

"నడస్తా ఉంది."

"అయితే డీ.ఏ. బకాయిలు వచ్చినాక చూద్దాం" అన్నాను. డీ.ఏ. బకాయిల సంగతి ఈ సభలో ఎవరికీ వివరించనక్కరలేదు. (నవ్వులు)

ఆ జులై నెలలో టమోటా ధర మీకందరికీ గుర్తుండే ఉంటుంది. మా యార్డులో మేలురకం కిలో నూట యాభై దాటి రెండు వందల దాకా పోయింది. బండ్లకు తీరిక లేదు. ఇప్పుడు బండి ఆపితే బాడుగ పోతుందని నేనే అన్నాను. ఒకరోజు తెల్లవారుజామున ఘాటు దిగుతుండగా ఒక మలుపులో రోడ్డు అతుకులు అతుకులుగా ఉంది. వెనక చక్రాలు ఆ అతుకుల మీద టపటపమని ఎగిరాయి. బ్రేకు తొక్కితే పట్టలేదు. బండి వెనక భాగం పక్కకు జారి, పిట్టగోడకు జానెడు దూరంలో ఆగింది. పైవరుస క్రేట్లు ఆరు లోయలోకి పోయాయి. క్రేటుకు పాతిక కిలోలు, మొత్తం నూట యాభై కిలోలు. కిలో నూట యాభై లెక్కన ఇరవై రెండు వేల అయిదు వందలు మావాడే కట్టుకున్నాడు. ఎనిమిది వేలు మిగిల్చిన నా లెక్క అదీ.

డబ్బు మాట అటుంచండి. స్కూలుకు సెలవని ఆ రోజు మనవడు కూడా క్యాబిన్‌లో ఉన్నాడు. ఇంటికి వచ్చాక మావాడు నన్ను ఒక్క మాట అనలేదు. బండి కడుక్కున్నాడు, స్నానం చేశాడు, పడుకున్నాడు. వాడు ఒక మాట అని ఉంటే నాకు కొంత తేలికయ్యేది. పిల్లవాడు మాత్రం వారం రోజులు నిద్రలో ఉలిక్కిపడ్డాడు. మర్నాడు నేనే బండి ఎక్కి మెకానిక్ భాయి దగ్గరికి పోయాను. ఆయన నలభై ఏళ్ళుగా ఆ షెడ్డులో ఉన్నాడు. ఆ రోజు ఆయన చూపించినవి, తర్వాత నేను నాలుగు చోట్ల అడిగి తెలుసుకున్నవి మీ ముందు పెడుతున్నాను.

మొట్టమొదట ఒక అపోహ. షాక్ అబ్జార్బరు బండి బరువు మోస్తుందని నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. మోయదు. బరువు మోసేవి కమాను కట్టలు. చక్రం గుంతలో పడి లేచినప్పుడు కమాను వంగి సాగుతుంది. సాగింది అక్కడితో ఊరుకోదు, పైకీ కిందికీ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఒకటి రెండు సార్లలో అణచడమే షాక్ అబ్జార్బరు పని. దాని లోపల ఒక గొట్టం, అందులో నూనె, ఆ నూనెలో కదిలే పిస్టను ఉంటాయి. పిస్టనుకు సన్నని కంతలు, కవాటాలు ఉంటాయి. నూనె ఆ కంతల గుండా బలవంతంగా దూరవలసి రావడం వల్ల ఊపులోని శక్తి వేడిగా మారి బయటికి పోతుంది. అంతకు మించి అందులో మర్మం లేదు.

కాబట్టి బండి ఒక పక్కకు ఒరిగినా, వెనక కూలబడినా, అది కమాను పట్టీల రోగం. దానికి షాక్ అబ్జార్బర్లు మారిస్తే డబ్బు దండగ. బండి ఎత్తు బాగానే ఉండి, ఊపు ఆగకపోతే అది షాక్ అబ్జార్బరు రోగం. ఈ తేడా తెలిస్తే సగం మోసపోకుండా ఉంటాం.

ఇక అది అరిగిపోతే కలిగే ప్రమాదం ఏమిటి? ఒళ్ళు కుదుపు ఒక్కటే అయితే మనం ఓర్చుకుంటాం, మన తరం ఎర్రబస్సుల్లో తిరిగిందే. అసలు ప్రమాదం టైరు నేలను వదలడం. అతుకుల రోడ్డు మీద చక్రం ఎగిరి గాలిలో ఉన్నంతసేపు దానికి బ్రేకూ లేదు, మలుపు పట్టూ లేదు. ఖాళీ బండిలో వెనక చక్రాలు మరీ ఎగురుతాయి, ఎందుకంటే ఆ కమాన్లు లోడుకు తగ్గట్టు గట్టిగా చేసినవి. లోడు బండిలోనేమో పై బరువు ఊగి మలుపులో పక్కకు లాగుతుంది. అందుకని ఖాళీగా ఒకసారి, లోడుతో ఒకసారి తోలి చూడాలని భాయి చెప్పాడు.

"మరి ఇన్నాళ్ళూ మావాడికి ఎందుకు తెలియలేదు భాయీ?" అని అడిగాను.

"రోజూ తోలేటోనికి తెలీదు సార్. కొంచెం కొంచెంగా పోతాది. చెయ్యి దానికే అలవాటు పడతాది" అన్నాడు.

నాకు నా చెవుడు గుర్తుకొచ్చింది. నాకు చెవుడు వచ్చిందని నాకంటే మా ఆవిడకు రెండేళ్ళు ముందు తెలుసు. అందుచేత ఆరునెలలకొకసారి ఆ బండిని ఎరగని మరో డ్రైవరు చేత అయిదు కిలోమీటర్లు తోలించండి. ఇంటిల్లిపాదికీ తెలిసిన రోగం రోగికి తెలియకపోవడం కొత్తేమీ కాదు.

ఇప్పుడు పరీక్షలు. ఒకటి, కంటితో చూడడం. గొట్టం మీద పలచటి జిడ్డు, దానికి అంటిన దుమ్ము ఉంటే కంగారు పడనక్కరలేదు. శుభ్రంగా గుడ్డతో తుడిచి రెండు రోజులు తోలి మళ్ళీ చూడండి. నూనె ధారగా కారి గొట్టం తడిసి ఉంటే సీలు పోయినట్టే. గొట్టం సొట్టపడినా, లోపలి కడ్డీ వంగినా మార్చవలసిందే.

రెండు, రబ్బరు బుష్షులు. గుంతల్లో టకటక శబ్దం వస్తే చాలామంది షాక్ అబ్జార్బరు పోయిందంటారు. ఒక్కోసారి రెండు కొసల్లో ఉండే రబ్బరు బుష్షులు మాత్రమే అరిగి ఉంటాయి. అవి మార్చుకుంటే కొద్ది ఖర్చుతో పోతుంది.

మూడు, అరచేతి పరీక్ష. టైరు మీద అరచెయ్యి పెట్టి చుట్టూ నిమరండి. అక్కడక్కడ గిన్నెల్లాగా గుంటలు తగిలితే చక్రం ఎగురుతోందని అర్థం. అయితే వీల్ బ్యాలెన్సు, బేరింగుల దోషం వల్ల కూడా అలా రావచ్చు, అవీ చూడాలి.

నాలుగు, వేడి పరీక్ష. గతుకుల రోడ్డు మీద కొంతదూరం తోలి ఆపి, రెండు పక్కల గొట్టాలనూ జాగ్రత్తగా తాకి చూడండి. పని చేసినది వెచ్చగా ఉంటుంది. ఒకటి వెచ్చగా, దాని జత చల్లగా ఉంటే ఆ చల్లనిది పని ఎగ్గొడుతోందన్న మాట. మన ఆఫీసుల్లో కూడా ఇలాంటి పరీక్ష ఒకటి ఉండి ఉంటే బాగుండేది. (నవ్వులు)

అయిదు, అందరూ చెప్పే నొక్కుడు పరీక్ష. బండి మూలను నొక్కి వదిలితే ఒకసారి లేచి ఆగాలంటారు. కారుకు కొంతవరకు పనికొస్తుంది. పికప్‌కు దాన్ని నమ్మకండి. కమాను పట్టీలు గట్టివి, పైగా ఒకదానితో ఒకటి రాసుకుని ఊపును కొంత అవే ఆపుతాయి. షాక్ అబ్జార్బరు చచ్చి ఉన్నా బండి కదలదు. నేను ఆ పరీక్షే చేసి "బాగానే ఉందిరా" అని మావాణ్ణి వెనక్కి పంపినవాణ్ణి. ఆ తప్పు ఈ సభలో ఒప్పుకుంటున్నాను.

ఆరోది అన్నిటికంటే నికరమైనది. కింది బోల్టు విప్పి చేత్తో లాగి, నొక్కి చూడడం. మొదటి నుంచి చివరి దాకా ఒకే రకంగా ఎదురు తిరగాలి. మధ్యలో ఎక్కడైనా చెయ్యి ఖాళీగా జారిపోతే దాని ఆయువు తీరింది. మా బండి వెనకవి రెండూ సైకిలు పంపు కంటే తేలిగ్గా కదిలాయి. చూస్తుంటే నాకు కాళ్ళు వణికాయి.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి అని అడుగుతారు. ఎనభై వేలని కొందరు చెబుతారు. దాన్ని పరీక్ష చేయించవలసిన గుర్తుగా తీసుకోండి, రిటైర్మెంటు తేదీగా కాదు. మనకైతే పుట్టినతేదీ చూసి ఇంటికి పంపారు. షాక్ అబ్జార్బరుకు సర్వీసు రిజిస్టరు లేదు. హైవే మీద తిరిగే బండికి అంతకంటే ఎక్కువే రావచ్చు, ఘాటులో ఓవర్‌లోడుతో తిరిగే బండికి సగంలోనే పోవచ్చు.

మార్చేటప్పుడు నాలుగు జాగ్రత్తలు. ఒక ఇరుసుకు రెండూ కలిపి మార్చాలి. ఒకటి కొత్తది, ఒకటి పాతదైతే బండి రెండు పక్కలా ఒక తీరుగా ఉండదు. నూనె పోసి, వెల్డింగు చేసి బాగుచేశామని అమ్మేవాటి జోలికి పోవద్దు, లోపలి సీలూ కవాటాలూ పాతవే ఉంటాయి. బుష్షుల బోల్టులు బండి జాకీ మీద ఉండగా ఆఖరి బిగింపు బిగించకూడదు. చక్రాలు నేల మీద ఆని, బండి తన ఎత్తులో నిలిచాక బిగించాలి. లేకపోతే రబ్బరు ఎప్పుడూ మెలితిరిగి ఉండి తొందరగా చిరుగుతుంది. గ్యాసు నింపిన పాతవాటిని నిప్పులో వేయడం, కోయడం చేయకండి, పేలుతాయి. పిల్లలకు అందనీయవద్దు.

సరుకు రవాణా బండికి ఎనిమిదేళ్ళు దాటితే ఏటేటా ఎఫ్.సి. చేయించాలి. ఆ పనికి పోయేముందే ఈ ఆరు పరీక్షలూ చేయించుకోండి. మనం ఏటేటా బతికే ఉన్నామని లైఫ్ సర్టిఫికెట్ ఇస్తున్నాం కదా. బండి షాక్ అబ్జార్బర్ల దగ్గర కూడా ఏటేటా ఒక లైఫ్ సర్టిఫికెట్ తీసుకోండి.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, కిలోమీటర్లు, ఏ చక్రం దగ్గర ఏమి చూశాం, అన్నీ రాస్తాను. కొర్రీ వేయడానికి కాదు. మావాడు ఫలానాది మార్చాలంటే పుస్తకం తెరిచి చూస్తాను, అవసరమనిపిస్తే ఆ రోజే డబ్బు తీసి ఇస్తాను. 2024లో పదిహేనేళ్ళు నిండి నా కమ్యూటేషన్ తిరిగి కలిసింది. ఆ పెరిగిన దాంట్లో నెలకు అయిదు వందలు "బండి" అని రాసిన కవరులో వేస్తున్నాను.

చివరిగా ఒక్క మాట. మన పిల్లలు డబ్బు అడిగినప్పుడు ఖర్చు ఎంత అని మాత్రమే అడగడం మనకు అలవాటు. ఎందుకు అని కూడా అడుగుదాం. "బండి ఎగరతా ఉండాది" అన్న మాటకు అర్థం ఏమిటని ఆ రోజు నేను ఒక్క ప్రశ్న వేసి ఉంటే, ఆ మలుపులో వాళ్ళిద్దరికీ ఆ గండం వచ్చేది కాదు. ఫైలు ఆలస్యమైతే కాగితం పాతబడుతుంది, అంతే. బండి ఫైలు ఆలస్యం చేయడం అలాంటిది కాదు.

బయట బండ్లు పెట్టుకున్నవారు భోజనాలయ్యాక ఒకసారి వంగి చక్రాల వెనక చూసి వెళ్ళవలసిందిగా కోరుతూ, సెలవు తీసుకుంటున్నాను. నమస్కారం.