జెర్రిపోతు గడిలో అరిస్తే ఒక గడి వెనక్కి

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మేము చేసిన ఆట గురించి రెండు మాటలు చెప్పమన్నారు.

ఏర్పేడు మండలంలో ఇప్పుడు ఐఐటీ ఉంది, ఐజర్ ఉంది. మన యానాది పిల్లలు మాత్రం కుల సర్టిఫికెట్ కోసం ఇంకా తిరుగుతానే ఉన్నారు. ఆ తిరుగుడునే మేము వైకుంఠపాళిగా మార్చినాము. పాత క్యాలెండర్ వెనక 40 గడులు, నాలుగు గవ్వలు, కాయలకు చింతగింజలు. ఖర్చు స్కెచ్ పెన్నులకే.

వైకుంఠపాళిలో పాము కనిపిస్తే కిందికి జారాల్సిందే. మనోళ్లకు అది కుదురుతుందా? పాముల సంగతి మన తాతలకు తెలిసినంత ఎవరికి తెలుసు? అందుకే మా ఆటలో జారేది పాముల దగ్గర కాదు. ‘సర్వర్ డౌన్’, ‘సారు క్యాంపుకు పోయినారు’, ‘ఇంకో జిరాక్సు తీసుకురా’, ఇవే మా పాములు. నిచ్చెన ఎక్కించేది అర్జీ రాసిచ్చే డిగ్రీ అక్క.

నిజం పాములున్న గడిలో ప్రశ్న ఉంటుంది. జెర్రిపోతుకు విషం లేదు, అక్కడ భయపడి అరిస్తే ఒక గడి వెనక్కి. కట్లపాము గడి వేరే. అది రాత్రిపూట నేల మీద పడుకున్నోళ్లను కరుస్తుంది, నొప్పి కూడా పెద్దగా తెలీదు. ‘వెంటనే ఆస్పత్రికి’ అంటే ముందుకు. ‘మంత్రం వేయిద్దాం’ అంటే మొదటి గడికి. (1972 వన్యప్రాణి చట్టం వచ్చినాక బయట పాముల్ని పట్టకూడదు. గవ్వలతో పడితే కేసు లేదు.)

ఒక గడి దగ్గర మాలో మాకే గొడవ అయింది. ‘తాగుబోతు మామ’ గడి పెడితే బాగా నవ్వుతారని ఒకడన్నాడు. నవ్వుతారు, నిజమే. మనల్ని చూసి ఊరు నవ్వేది ఎప్పుడూ ఉన్నదే, మన ఆటలో కూడా అదెందుకని తీసేసినాము. తిప్పించేవాడి మీద నవ్వితేనే మాకు ఆట. అమెరికాలో ఎలిజబెత్ మాగీ అనే ఆమె 1904లో పేటెంట్ పొందిన ఆట కూడా అట్లాంటిదే. అద్దెలతో భూస్వామి ఎట్లా బలుస్తాడో చూపించడానికి చేసింది. ఈనాటి మోనోపలీకి మూలం అదే.

చదువు రాని అవ్వలు కూడా ఆడాలని గడుల్లో బొమ్మలే వేసినాము. వాళ్లు గవ్వలు వేస్తే మేము గెలిచింది లేదు.

మాలో ఒకడు మూడేళ్లు హాస్టల్లో తానెవరో ఎవరికీ చెప్పలేదు. అక్కడ ఈ ఆట పరిచినప్పుడు, ‘ఇవన్నీ నీకెట్లా తెలుసురా?’ అని పక్కోడు అడిగినాడు. ‘మేము యానాదులం, మా తాత చెప్పినాడు’ అన్నాడు. ఆ రాత్రి ఆట పన్నెండు దాటినా ఆగలేదు.

నాలుగు పటాలు తెచ్చినాము, ఆ బల్ల మీద ఉన్నాయి. భోజనాలైనాక ఆడండి. జెర్రిపోతు ఉండేది 17వ గడిలో.