చూపు బాణాల మీద

టెన్‌పిన్ బౌలింగ్‌కు కొత్తగా వెళ్లినవాళ్లు చాలామంది బంతిని బలంగా విసిరితే చాలనుకుంటారు. బలం కంటే గురి ముఖ్యం. ఫౌల్ లైన్, అంటే బంతి వేసేటప్పుడు దాటకూడని గీత, నుంచి మొదటి పిన్ను 60 అడుగుల దూరంలో ఉంటుంది. అంత దూరానికి గురిపెట్టడం కష్టం. అందుకే లేన్ మీద సుమారు 15 అడుగుల దగ్గర ఏడు బాణం గుర్తులు ఉంటాయి. చూపు వాటి మీద నిలపండి. కుడిచేతి వాటం వాళ్లు కుడివైపు నుంచి రెండో బాణంతో మొదలుపెట్టవచ్చు.

ఇక చేయి. నాలుగడుగుల నడకలో మొదటి అడుగుతోనే బంతిని ముందుకు చాపాలి. ఆపైన గడియారం లోలకంలా దాని బరువుతో అదే వెనక్కి వెళ్లి ముందుకొస్తుంది. భుజం బిగించి తోశారా, దారి తప్పినట్టే. చివరి అడుగు జారుతూ ఆగాలి, మోకాలు వంగి ఉండాలి. బంతి చీలమండ పక్కకు రాగానే బంతి రంధ్రాల్లోంచి ముందు బొటనవేలు బయటికి రావాలి, వెంటనే మిగతా రెండు వేళ్లు. బంతి తిరగడం నేర్చేది ఆ క్షణంలోనే. బొటనవేలు ఇరుక్కుంటుంటే రంధ్రం బిగుతైందేమో చూడండి. మొహమాటపడకుండా వేరే బంతి తీసుకోండి.

మొదటి పిన్నును సరిగ్గా మధ్యలో కొడితే తరచూ రెండు పక్కలా పిన్నులు మిగిలిపోతాయి. కుడిచేతి వాటం వాళ్ల బంతి ఒకటో పిన్నుకూ, దాని కుడి వెనక ఉన్న మూడో పిన్నుకూ మధ్య సందులోకి వాలుగా దూరాలి. బంతి బాణాలు దాటేదాకా మాత్రం తల ఎత్తకండి.